నూరు తూగిన రోజు

మనిషిని ఒక్కసారి ఎగాదిగా చూశానంటే చాలు, బరువు చెప్పేస్తాను. అరకిలో అటూ ఇటూ ఉండదు. చెప్పుల బరువు విడిగా చెప్పమన్నా చెబుతాను. ఒకసారి మలుపు అవతలి లారీ హారన్ విని, లోపల రెండొందల పన్నెండు బస్తాలున్నాయనీ, అందులో ఒకటి తడిసిందనీ చెప్పాను. దించి చూస్తే సరిగ్గా రెండొందల పన్నెండు. తడిసిన బస్తా సిగ్గుపడుతూ అడుగున ఉంది.

అలాంటి నా కళ్ళ ముందు జరిగిన కథ ఇది. ఇందులో ఒక కాటా, ఒక కుట్టుమిషను, ఒక చీటీ ఉన్నాయి. ప్రేమ కథ కాబట్టి వాన కూడా ఉంది. ఆ వాన సంగతి చివర్లో చూద్దాం.

కాటా అంటే లారీలు తూచే పెద్ద కాటా. నేలకు సమంగా ఇనుప పలక, పక్కనే ఏడు మెట్ల పైన అద్దాల గది, బయట లారీవాళ్ళకు కనబడేలా ఎర్ర అంకెల బోర్డు. ఆ గదిలో కూర్చునేవాడే మన పెళ్ళికొడుకు. ముప్పై ఆరేళ్ళవాడు. ఒక్క కిలో తగ్గించి చీటీ రాయమని బతిమాలినా, బెదిరించినా రాసేవాడు కాదు. మనిషి మాత్రం లావు. లావంటే మామూలు లావు కాదు. లారీవాళ్ళు 'టన్నన్నా' అని మొహం మీదే పిలిచేవాళ్ళు. అతను పకపకా నవ్వేవాడు. చిన్నప్పుడే నేర్చుకున్నాడు ఆ విద్య. ముందు మనమే నవ్వేస్తే ఎదుటివాడి నవ్వుకు పదును తగ్గుతుంది.

ఒక మధ్యాహ్నం ఓ లారీ వెనక చక్రం పలక మీదికి పూర్తిగా ఎక్కిందో లేదో వంగి చూస్తున్నాడు. చక్రం అంచున వదిలేసి బరువు తగ్గించుకోవడం కొందరి తెలివి. వంగినవాడికి వెనకనుంచి చర్రున చప్పుడు వినిపించింది. టైరు అనుకున్నాడు. కాదు, పాంటు.

గేటుకు ఎదురుగా ఒక టైలరు దుకాణం ఉంది. పాత బట్టలు బిగించడం, వదులు చెయ్యడం, జిప్పులు మార్చడం అక్కడి పని. నడిపేది ఒక ముప్పై మూడేళ్ళ ఆవిడ, ఒంటరిది. మనవాడు వెనక్కి ఒక ఫైలు అడ్డం పెట్టుకుని పీతలా పక్కకు నడుస్తూ అక్కడికి చేరాడు.

"టైలర్ గారూ, చిన్న పని ఉందండి."

"ఏదీ, చూపించండి."

"చూపించేది కాదండి."

ఆమె కళ్ళజోడు పైనుంచి చూసింది. "ఫైలు తీసి వెనక్కి తిరగండి."

తిరిగాడు.

"ఇది చిరగలేదండి. రాజీనామా చేసింది," అందామె. "ఆ పరదా వెనక్కి వెళ్ళి పాంటు ఇటు పడెయ్యండి. అక్కడో దుప్పటి ఉంటుంది, చుట్టుకోండి."

"సరిపోదేమోనండి."

"డబుల్ కాట్‌కి సరిపోయింది. మీకు సరిపోదా?"

అలవాటు ప్రకారం అతను పకపకా నవ్వాడు. పరదా అవతల మిషను ఆగిపోయింది.

"నవ్వక్కర్లేదండి," అందామె. "నేనన్న మాట బాగోలేదు. చేతిలో కత్తెర ఉంటుంది గానీ, నా నోటికే ఉండదు."

ముప్పై ఆరేళ్ళలో అతన్ని నవ్వక్కర్లేదన్నవాళ్ళు లేరు. దుప్పటి చుట్టుకుని స్టూలు మీద కూర్చున్నవాడు అక్కడే పడిపోయాడు. నూట ముప్పై ఒక్క కిలోల మనిషి పడితే ఊరంతా వినబడాలి. పరదా కూడా కదల్లేదు.

ఆ నూట ముప్పై ఒకటి నేను చెప్పింది కాదు, ఆస్పత్రి కాటా చెప్పింది. నేను చూసి నూట పది అన్నాను. ఇరవై ఒక్క కిలోలు తప్పాను. పోనివ్వండి, నా గొప్ప అక్కడితో సరి. హారన్ కథ కూడా ఇక నమ్మకండి.

ఆస్పత్రికి ఎందుకు వెళ్ళాడంటే షుగరు. పైగా ఏడు మెట్లెక్కితే ఏడు కొండలెక్కినట్టు రొప్పు. డైట్ డాక్టరమ్మ రిపోర్టులన్నీ తిరగేసి, ఒక అట్టపెట్టె బల్ల మీద పెట్టింది.

"రోజుకు నాలుగు పొట్లాల పొడి. నీళ్ళలో కలుపుకుని తాగాలి. మొత్తం ఎనిమిది వందల కేలరీలు. పన్నెండు వారాలు ఇదే మీ తిండి."

"మధ్యమధ్యలో ఏం తినమంటారండి?"

"నీళ్ళు."

"నీళ్ళు తాగుతారు కదండీ."

"మీరు తింటారు. నాలుగు రోజులు పోతే నీళ్ళు కూడా నమలాలనిపిస్తుంది." ఆమె కళ్ళజోడు తీసింది. "సరదా మాటలు చాలు గానీ, ఇది వినండి. ఇది మా కనుసన్నల్లో చెయ్యాల్సిన పని. రక్తపరీక్షలు మానకూడదు, షుగరు మాత్రలు నేను చెప్పినట్టే తగ్గించాలి. ఒక్క పొట్లం కూడా సొంతంగా ఎగ్గొట్టకూడదు. ఇంట్లో కాటా పెట్టుకోవద్దు. రోజూ చూసుకుంటే పిచ్చెక్కుతుంది. రెండు వారాలకోసారి ఇక్కడే చూద్దాం."

ఆ రోజు కాటా గదిలోకి వచ్చి, ఒక పాత కాటా చీటీ వెనక్కి తిప్పి, ఇలా రాసుకున్నాడు: 'నూరు తూగిన రోజు టైలర్ గారిని అడగాలి.' మడిచి పాంటు జేబులో పెట్టుకున్నాడు. అంతకుముందు అడిగే ధైర్యం అతనికి లేదు. నూట ముప్పై ఒక్క కిలోలతో ఒక ఆడమనిషి ముందు నిలబడి 'నన్ను చేసుకుంటారా' అనడం, నిండు లారీ వేసుకుని ఒకరి ఇంట్లోకి దూరడం లాంటిదని అతని లెక్క.

మొదటి వారం ఎలా గడిచిందో అతనికీ దేవుడికీ తెలుసు. తల దిమ్ము, చేతులు చల్లబడటం, లేచి నిలబడితే కళ్ళు బైర్లు. ఇంట్లో అమ్మ ఒక్కతే. కొడుక్కి వాసన తగలకూడదని వంటింటి తలుపు వేసుకుని, చప్పుడు కాకుండా నమిలేది.

"నాకు ముద్ద దిగట్లేదురా," అంది ఒకరోజు. "నిన్ను ఎండగట్టి నేను తింటున్నట్టుంది."

"తినమ్మా. మనింట్లో ఒకరైనా తినకపోతే పొయ్యి బెంగపెట్టుకుంటుంది," అని నవ్వించబోయాడు. ఆవిడ నవ్వలేదు.

ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు, వలపు సిగ్గెరుగదంటారు. ఇతని విషయంలో అన్నీ తలకిందులే. ఆకలికి ఎప్పుడో తిన్నవాటి రుచులన్నీ గుర్తొచ్చేవి. నిద్ర అసలు పట్టేది కాదు. వలపుకైతే మోయలేనంత సిగ్గు.

ఇంట్లో కాటా వద్దన్నారు. పనిచేసే చోట యాభై టన్నుల కాటా ఉంది గానీ, అది పదేసి కిలోలకు తప్ప కదలదు. మనిషి బాధ దానికి ఆనదు. అందుకని పాంటే అతని కాటా అయింది. ప్రతి శనివారం రెండు ఖాకీ పాంట్లు పట్టుకుని ఎదురు దుకాణానికి వెళ్ళేవాడు. ఆమె టేపు చుట్టేది, సుద్దతో గీత గీసేది, బిగించి ఇచ్చేది.

"ఊపిరి బిగబట్టకండి."

"పట్టలేదండీ."

"నాకు చెప్పకండి. టేపు చెబుతోంది." ఆమె చుట్టూ తిరిగి వచ్చింది. "అంగుళన్నర తగ్గారు. ఏం చేస్తున్నారేంటి?"

"గాలి భోంచేస్తున్నానండి."

"ఎవరి కోసం అంత కష్టం?"

అతను సుద్దముక్క వంక చూశాడు. "డాక్టరమ్మ కోసం."

"అబ్బో. అందగత్తేనా?"

"కళ్ళజోడు పెట్టుకుంటారండి."

"నేనూ పెట్టుకుంటాను," అని ఆమె వంగి గీత గీసింది. ఆ గీత వంకర పోయింది. చెరిపి మళ్ళీ గీయాల్సి వచ్చింది.

వారమంతా అతను ఆ శనివారం కోసమే బతికేవాడు. రెండు వారాలకు నూట పాతిక. నాలుగు వారాలకు నూట ఇరవై. షుగరు మాత్ర ఒకటి తీసేశారు. డాక్టరమ్మ మెచ్చుకుంది.

అయిదో వారంలో ఒళ్ళు మొండికేసింది. అవే నాలుగు పొట్లాలు, అదే ఆకలి, కానీ అతనికి లోపల తెలుస్తూనే ఉంది, ఏదో ఆగిపోయింది. ఆ శనివారం ఆమె టేపు ఒకసారి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది.

"ఎంతండీ?"

"రేపు రండి, చెబుతాను. కొంచెం పనుంది."

మర్నాడు పాంటు తొడుక్కుంటే నడుం దగ్గర వేలు దూరింది. ఆ పై వారం రెండు వేళ్ళు దూరాయి. మనవాడి కాళ్ళు నేల మీద ఆనలేదు. మెట్లెక్కుతూ కూనిరాగాలు. లారీవాళ్ళు 'ఏంటి టన్నన్నా, అరటన్నైపోతున్నావ్' అన్నారు. మీసం కత్తిరించుకున్నాడు. జేబులో చీటీ ఉందో లేదో గంటకోసారి తడిమి చూసుకున్నాడు.

ఆరో వారం ఆస్పత్రిలో కాటా ఎక్కాడు. నర్సు రాసుకుంది. నూట ఇరవై కిలోల నాలుగొందల గ్రాములు.

"మళ్ళీ చూడండి," అన్నాడు.

మళ్ళీ చూసింది. అంతే.

"ఒక్కోసారి ఇలా ఆగుతుందండీ," అంది డాక్టరమ్మ. "ఒళ్ళు కూడా జాగ్రత్తపడుతుంది. మీ తప్పేం లేదు. కంగారు పడొద్దు."

"పాంటు వదులైంది డాక్టరు గారూ. రెండు వేళ్ళు దూరుతున్నాయి."

"పాంటు సంగతి నాకు తెలీదండీ. కాటా మాట ఇది."

కాటా మాట ఎలాంటిదో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. పదిహేనేళ్ళుగా లారీల దొంగతనాలు పట్టిన మనిషి. ఇంటికి వెళ్ళి తలుపేసుకుని పాంటు తిరగేశాడు. నడుం దగ్గర కొత్త కుట్టు. దానికి లోపలివైపు, పాత కుట్టు విప్పిన చోట, వరసగా సన్నటి సూది బెజ్జాలు. బిగించిన పాంటు కాదది. లోపల మడిచి ఉంచిన గుడ్డను వదిలిన పాంటు.

రెండో పాంటు తిరగేశాడు. అదీ అంతే.

తిన్నగా దుకాణానికి వెళ్ళాడు. పాంటు తిరగేసి మిషను మీద పెట్టి, బెజ్జాల మీద వేలు పెట్టాడు.

ఆమె వేలు వంక చూసింది. బుకాయించలేదు. "నేనే వదిలాను."

"ఎందుకండీ?"

"మీరు ఆ రోజు టేపు వంక చూసిన చూపు నేను భరించలేకపోయాను. ఒక వారం ధైర్యంగా ఉంటారు, ఈలోగా నిజంగానే తగ్గుతారు, అప్పుడు గప్‌చుప్‌గా బిగించేద్దామనుకున్నా." ఆమె పాంటును తనవైపు లాక్కుంది. "జేబులో చీటీ చదివాను. కుట్టేముందు జేబులు చూడటం మాకు అలవాటు. నూరు తొందరగా రావాలని నాకు మాత్రం ఉండదా?"

ఇంకో రోజైతే ఆ చివరి మాటకు అతను ఎగిరి గంతేసేవాడు. ఆ రోజు మాట చెవిలో పడింది గానీ లోపలికి దిగలేదు.

"లారీవాడు కిలో తగ్గించి రాయమంటే నేను గేటు మూసేస్తానండి," అన్నాడు. "మీరు నాకే తప్పుడు చీటీ ఇచ్చారు. జాలిపడి ఇచ్చారు. నన్ను చూసి నవ్వినవాళ్ళెవరూ ఇంత పని చెయ్యలేదు."

"జాలి కాదండీ."

"మరేంటి?"

ఆమె నోరు తెరిచింది. నోటికి కత్తెర లేదన్న మనిషికి ఆ పూట మాట రాలేదు. అతను పాంట్లు రెండూ మిషను మీదే వదిలి వచ్చేశాడు.

తర్వాత చేసింది శుద్ధ తెలివితక్కువ పని. నాలుగు పొట్లాల చోట రెండే తాగడం మొదలుపెట్టాడు. డాక్టరమ్మకు చెప్పలేదు, అమ్మకు చెప్పలేదు. నూరు చూపించి తీరాలి. దువ్వెన నిండా జుట్టు రాలింది. రాత కుదరక చీటీలు రెండేసిసార్లు రాశాడు. పదో రోజు పట్టపగలు ఏడో మెట్టు మీదనుంచి ఇనుప పలక మీదికి పడ్డాడు. అప్పుడు మాత్రం చప్పుడు వచ్చింది.

ఆస్పత్రిలో మూడు రోజులు ఉంచారు. రక్తంలో ఉప్పులు అడుగంటాయనీ, పిత్తాశయంలో రాళ్ళు కనబడుతున్నాయనీ చెప్పారు. బరువు నూట పద్నాలుగు.

"పొట్లాలు ఇక ఆపేద్దాం," అంది డాక్టరమ్మ. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "కోలుకున్నాక నిదానంగా వేరే దారి చూద్దాం."

"మళ్ళీ పెరుగుతానా?"

"కొంత పెరగొచ్చు. దాచను."

ఇంటికొచ్చాక అమ్మ వంటింటి తలుపు తెరిచి పెట్టి, కంచం ముందు కూర్చోబెట్టి, తనే కలిపి నోట్లో పెట్టింది. రెండు నెలలుగా కలలోకి వచ్చిన తిండి. రుచి తెలియలేదు.

నెలలు దొర్లాయి. నూట పదిహేడు. నూట ఇరవై. నూట ఇరవై నాలుగు. అంత కష్టపడి తవ్విన గొయ్యి దానంతటదే పూడుకుపోతుంటే గట్టున కూర్చుని చూడటం ఎలా ఉంటుందో, అలా ఉండేది. తీసేసిన షుగరు మాత్ర తిరిగొచ్చింది. రెండోసారి రమ్మని డాక్టరమ్మ కబురు పెడితే పోలేదు. కాటా గదికి వెనక దారిన వెళ్ళేవాడు, దుకాణం కనబడకుండా. 'టన్నన్నా' అంటే ఇదివరకటిలాగే పకపకా నవ్వేవాడు. అద్దం తలుపు వేసుకున్నాక ఆ నవ్వు తుడుచుకోవడానికి అతనికి చాలాసేపు పట్టేది. నాకు ఇక ఏదీ రాదు, నేను ఇంతే, ఇలాగే పోతాను అని అనుకునేవాడు. ఆ మాట అనుకున్నప్పుడు ఏడుపు కూడా వచ్చేది కాదు.

ఒక సాయంత్రం వాన. లారీలు లేవు. బయటి బోర్డు మీద సున్నా వెలుగుతోంది. ఉన్నట్టుండి సున్నా పోయి అరవై వచ్చింది.

అద్దం తుడిచి చూశాడు. పలక నడిబొడ్డున, వానలో, గొడుగు లేకుండా, చంకలో ఒక ప్లాస్టిక్ సంచీతో టైలరు నిలబడి ఉంది.

ఏడు మెట్లూ దిగాడు. రొప్పుతూ నిలబడ్డాడు.

"కాటా మీద మనుషులు నిలబడకూడదండి."

"మీ పాంట్లు ఇవ్వడానికొచ్చాను. ఈ సారి ఎంత వదిలానో చీటీ రాసి జేబులో పెట్టాను. మొన్న మీరు లారీ చక్రం దగ్గర వంగితే దూరం నుంచి చూసి కొలత అంచనా కట్టాను. మోసం లేదు."

"అంచనా తప్పొచ్చు. మళ్ళీ పెరిగాను."

"తెలుసు." ఆమె మొహం తుడుచుకుంది. "ఆ రోజు మీరడిగిన దానికి జవాబు చెప్పలేదు. చెప్పడానికి ఇన్ని నెలలు పట్టింది. అది జాలి కాదు, తొందర. మీరడుగుతారని నాకు తొందర. తప్పుడు కొలత ఇవ్వడం తప్పే. ఇంకెప్పుడూ ఇవ్వను. ఇప్పుడు అడగండి."

"నూరు కాలేదండి."

"నూరని నేనన్నానా? ఆ చీటీ మీరు రాసుకున్నది. దాని మీద నా సంతకం లేదు."

అతను తడిసి అంటుకున్న చొక్కాను పొట్ట మీదనుంచి లాక్కున్నాడు.

"నేను ఇంతే అయితే?" అన్నాడు.

"గుడ్డ కాస్త ఎక్కువ పడుతుంది."

"ఇంకా పెరిగితే?"

"డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరం వెళ్దాం. ఆవిడ ఏం చెబితే అది నిదానంగా చేద్దాం. కుదిరితే కుదిరింది, లేకపోతే మళ్ళీ వెళ్దాం. ఎప్పుడూ మీరొక్కరే కాటా ఎక్కాలా?"

"నాకు నా మీద నమ్మకం పోయిందండి. భయంగా ఉంది."

"నాకూ భయంగానే ఉంది. ఇందాకట్నించి ఇనుము మీద నిలబడ్డాను, పైన ఉరుముతోంది. తొందరగా అడగండి."

అతను పలక మీదికి అడుగు పెట్టాడు. బోర్డు మీద అరవై పోయి నూట ఎనభై వచ్చింది. ఇద్దరూ తలెత్తి చూశారు.

"ఇందులో మీది ఎంత, నాది ఎంత?" అంది ఆమె.

"ఈ కాటా చెప్పలేదండి. పదేసి కిలోలకే కదులుతుంది."

"మరీ మంచిది."

అప్పుడు అడిగాడు. ఏమని అడిగాడో, గేటు పక్కన తడుస్తూ నిలబడ్డ నాకు వానలో వినబడలేదు. ఆమె జవాబు మాత్రం వినబడింది: "చేసుకుంటాను. కొలతలు ఎలాగూ నా దగ్గరే ఉన్నాయి." ఆమె తడిచేత్తో అతని చెయ్యి పట్టుకుంది. అతను గొంతెత్తి, కడుపు కుదిపి ఎంత నవ్వాడంటే, బోర్డు మీది నూట ఎనభై ఎగిరి నూట తొంభై మీద పడింది.

ఆ వారమే అతని అమ్మ దుకాణానికి వెళ్ళి, "వాణ్ణి నవ్వించకమ్మా, ఊరికే కూర్చోనివ్వు, చాలు," అని చెప్పి వచ్చింది. దీవెన అంటే అదే అనుకోండి.

వాన నేను కలిపిందే అనుకుంటున్నారు కదూ. కాదు, వాన నిజం. నా చొక్కా తడిసి వారం రోజులు తుమ్మాను. నేను కలిపింది ఆ నవ్వు. అంతసేపు బాధపెట్టిన కథ కదా, చివర ఒక నవ్వుంటే బాగుంటుందని పెట్టాను. అతను నవ్వలేదు. ఆమె చెయ్యి పట్టుకోగానే నోటికి అడ్డం పెట్టుకునే అలవాటు నవ్వు కూడా రాలేదు. నిలబడినవాడు నిలబడినట్టే ఏడ్చాడు, చాలాసేపు. ఆమె ఊరుకోమనలేదు. బోర్డు మీద అంకె నూట ఎనభై దగ్గరే ఉంది.